వలయు బడియు

బిడ్డలకు శీలము నేర్పుట లేదని పాఠశాలలను నిందించుట మనలో పరిపాటి యైనది. నీతిబోధకు వారమున కొక గంట కేటాయింపవలెననియు, సూక్తులను గోడలపై వ్రాయింపవలెననియు సభలలో తీర్మానములు చేయుచున్నారు. గోడమీది సూక్తి గోడకే అలంకారము. శీలము వినికిడిచే వచ్చునది కాదు. దినదినము చేయు పనివలన వచ్చునది. నిదర్శనము కోరువారు విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున నున్న జాలరిపేటకు పోయి చూడవచ్చును.

ఏటేట ఏప్రిలు 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషిద్ధము. అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలము. బడులకు వేసవి సెలవులును ఇంచుమించుగా ఆ దినములయందే. పడవలు ఒడ్డున నుండును; తండ్రి వల బాగుచేయుచుండ కొడుకు ప్రక్కన కూర్చుండి దారమందించును. ఒక్క కన్ను తెగినను ఉపేక్షింప వీలులేదు. నేటి చిరుగు రేపు చేపల బరువునకు పెద్దగండి యగును. ముడి వదులైనచో విప్పి మరల వేయవలసినదే. తన తప్పు తానే దిద్దుకొనుట, తన పనిపై ఇంటివారి కూడు ఆధారపడి యున్నదని యెరుగుట, వీనిని ఏ వాచకము ఇంత తేటగా బోధింపగలదు? అంతకు మించినది మరియొకటి కలదు. ఎదుట సముద్రమున్నది, ఇంట అవసరమున్నది, అయినను పెద్దలు వేటకు పోరు. ప్రభుత్వము భృతి నిచ్చుచున్న మాట నిజమే, శాసనభయమును కలదు. కాని రేపటి చేపకై నేటి చేపను విడుచుటను బిడ్డ కన్నులార చూచుచున్నాడు.

పెద్దలు తప్పినప్పుడును బిడ్డలు చూచుచునే యుందురు. 2022 జనవరిలో రింగు వలల విషయమై పెదజాలరిపేట వారికిని పొరుగుపేటల వారికిని కలహము చెలరేగి పడవలు తగులబడెను; 144వ సెక్షను విధింపవలసి వచ్చెను. న్యాయ మెవరి దైనను కానిండు, పడవ మండుట చూచిన బాలునకు మరునాడు అహింసను బోధింపవలసిన ఉపాధ్యాయుని గతి యేమి?

మేము బాలుర చాకిరిని పొగడుచున్నామని యెవరును తలపరాదు. బడి మాన్పించి పిల్లవానిని నడిసముద్రమునకు కొనిపోవుట శిక్షణము కాదు, ద్రోహము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 సంవత్సరముల బిడ్డలకు ఉచిత నిర్బంధవిద్యను విధించినది. 1937 అక్టోబరులో వార్ధా విద్యాసభ యెదుట చేతిపనిని చదువునకు కేంద్రముగా నుంచవలెనని మహాత్ముడు వాదించినప్పుడు ఆయన కోరినది చదువు మానుట కాదు. చదువునకును చేతికిని కలిగిన యెడబాటును తొలగించుట.

ఇక మన సంగతి. జాలరిబిడ్డకు వల యున్నది. భూస్వామి బిడ్డ కేమున్నది? పుస్తకముల సంచి పాలేరు మోయును. తిన్న కంచము పనిమనిషి తీయును. పక్కబట్టలు తల్లి చుట్టును. ఈ బిడ్డయే పెద్దవాడై దేశమును ఉద్ధరింపవలెనని తండ్రి వేదికపై ఆశించును! (ఇట్టి తండ్రులు నీతిసభలకు అధ్యక్షులగుటయు కద్దు.) ఈ వేసవినుండియైనను ఇంటింట ప్రతి బిడ్డకును ఒక పని అప్పగింపుడు. మరచినచో ఆ లోపము వానికే తెలియునట్టి పని కావలెను. దూడకు నీరు పెట్టుట వంటిది. మరచినచో దూడయే అరచి చెప్పును, తండ్రి గద్దింప నక్కరలేదు. ఇక తండ్రియు ఏదో యొకటి మానుకొని చూపవలెను. చుట్టయో, పేకాటయో, పది సంవత్సరములుగా సాగుచున్న గట్టు వ్యాజ్యమో, దేనిని మానవలెనో ఆయనకే బాగుగ తెలియును.