థెరపీ కలిదిండి రావాలి

రెండేళ్లు నిండినా పిల్లాడు 'అమ్మా' అనడు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడు. బొమ్మకారు ఇస్తే నడపడు, తిరగేసి చక్రం తిప్పుకుంటూ గంటసేపు కూర్చుంటాడు. ఏలూరు జిల్లా కలిదిండిలోనైనా, కోరుకొల్లులోనైనా ఇంట్లో పెద్దవాళ్లు ముందు అనేమాట ఒకటే: "మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయిలే అమ్మా. వాళ్ల నాన్నకి మూడేళ్లకి గానీ రాలేదు." ప్రేమతో అనేమాటే. కానీ ఆ మాట నమ్ముకుని ఏడాది, ఏడాదిన్నర ఊరికే గడిచిపోతుంది. ఆటిజం ఉన్న బిడ్డకు అంత విలువైన కాలం మళ్లీ దొరకదు.

ఏడాది దాటినా టాటా చెప్పకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, పదహారు నెలలకు ఒక్కమాట కూడా రాకపోవడం, వచ్చిన నాలుగు మాటలూ పోవడం... వీటిలో ఏది కనిపించినా 'చూద్దాంలే' అనుకోకూడదు. ముందు చెవి పరీక్ష చేయించాలి. వినికిడి లోపాన్ని ఆటిజం అనుకున్నవాళ్లూ ఉన్నారు, ఆటిజాన్ని చెవుడు అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్షగానీ స్కానింగ్‌గానీ ఇంతవరకూ లేదు. బిడ్డ ఆడుతుంటే చూసి, తల్లిదండ్రులను అడిగి, కొలమానంతో సరిచూసి నిపుణులు నిర్ధారిస్తారు. మన దేశంలో వాడే 40 అంశాల కొలమానం సికింద్రాబాద్‌ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో తయారైనదే. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు.

తేలాక మొదలయ్యేది అసలు కష్టం. తల్లిమీద నింద పడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఫోనిచ్చి చెడగొట్టావు, మేనరికం చేసుకున్నారు కదా... తలోమాట. అమెరికాలోనూ ఒకప్పుడు తల్లులకు ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారని పెద్ద పెద్ద వైద్యులే చెప్పారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానూ అలాంటి కొడుకున్న తండ్రే, అది తప్పని పుస్తకం రాసి వాదించాడు. ఆటిజం పెంపకంలో లోపం కాదు, మెదడు ఎదుగుదలలో తేడా. దానిలో జన్యువుల పాత్ర పెద్దది. ఫోను ఎక్కువగా చూస్తే మాట ఆలస్యం కావచ్చు, ఆటిజం రాదు. టీకాలవల్ల వస్తుందని 1998లో వచ్చిన పరిశోధనా పత్రాన్ని లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

మరి చికిత్స ఏమిటి? ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. విపరీతమైన కోపం, తనను తాను కొట్టుకోవడం, నిద్రలేమి, మూర్ఛ వంటివాటికి డాక్టరు మందులు రాయవచ్చు. మిగతాదంతా నేర్పడమే. స్పీచ్ థెరపీలో నోటిమాట ఒక్కటే కాదు, సైగ, బొమ్మల కార్డు కూడా నేర్పుతారు. కార్డు అలవాటైతే మాట రాదని భయపడే తల్లిదండ్రులకు ఒకటే చెప్పాలి: చెప్పుకునే దారి దొరికిన బిడ్డ ఏడుపు తగ్గుతుంది, కార్డువల్ల మాట ఆగిపోదు. ఆక్యుపేషనల్ థెరపీ చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, మిక్సీ మోతను తట్టుకోవడం వంటివి నేర్పుతుంది. బిహేవియర్ థెరపీ ఒక పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టు మెట్టుకూ మెచ్చుకుంటూ నేర్పుతుంది. తొలినాళ్లలో ఈ పద్ధతిలో దండన కూడా ఉండేది. ఆటిజంతో పెరిగి పెద్దవాళ్లయినవారు దాన్ని గట్టిగా తప్పుపట్టారు. వాళ్ల మాట వినాలి. గడ్డం పట్టుకుని 'నా కళ్లలోకి చూడు' అని బలవంతం చేసేచోట బిడ్డను ఉంచకండి. బిడ్డ నలుగురిలా కనిపించడం కోసం కాదు ఇదంతా, తన అవసరం తాను చెప్పుకోవడం కోసం.

ఇవన్నీ దొరికేది ఎక్కడ? ఎక్కువగా విజయవాడలాంటి నగరాల్లో. కలిదిండి నుంచి ముందు కైకలూరో గుడివాడో చేరి అక్కడినుంచి వెళ్లాలి. ముప్పావుగంట థెరపీకి ఒకరోజు పోతుంది. చేపల చెరువు పట్టుబడి రోజుల్లో తండ్రి కదల్లేడు. కూలికెళ్లే తల్లికి రోజుకూలి పోతుంది. బస్సులో హారన్ మోతకు చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డను, చుట్టుపక్కల చూపులను భరిస్తూ ఆ తల్లి ఎన్నాళ్లు తిరుగుతుంది? రెండునెలలు వెళ్లి మానేసేవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఈ దూరానికి విరుగుడు ఒకటి మన దేశంలోనే పరీక్షకు నిలిచింది. గోవాలోనూ పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. ఇందులో ఇళ్లకు వెళ్లింది నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లీబిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, అదే తల్లికి చూపించి, 'ఇదిగో ఇక్కడ బాబు నీవైపు చూశాడు, నువ్వు గమనించలేదు' అని చెప్పేవారు. తర్వాత చూస్తే తల్లిదండ్రులు బిడ్డకు స్పందించే తీరు బాగా మారింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్ని అంశాల్లోనూ మెరుగు కనిపించలేదు, అదీ చెప్పుకోవాలి. అయినా ఊరి మనిషి ఇంటికొచ్చి నేర్పగలదని రుజువైంది.

అలా నేర్పడం ఇంట్లో ఎలా ఉంటుందో చూడండి. పిల్లాడికి జంతికలు ఇష్టం. రోజూ అడక్కముందే చేతిలో పెడతాం. ఇకనుంచి జంతికల్ని బయటికి కనిపించే సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, వాడికి అందేచోట పెట్టండి. సీసా తెచ్చి మీ చేతిమీద పెడతాడు. వెంటనే తీయకండి. వాడి ఎదురుగా, వాడి ఎత్తుకు కూర్చుని, ఏమీ మాట్లాడకుండా మనసులో పదిదాకా లెక్కపెట్టండి. ఒక చూపు, ఒక కూత, మూతమీద తట్టిన వేలు... ఏదొచ్చినా అదే మాట కింద లెక్క. 'తియ్యి' అని ఒక్కమాట అని, మూత తీసి, ఒక్క ముక్కే ఇవ్వండి. మళ్లీ అడగాలి కదా. జంతికలు అయిపోయేలోపు పాతికసార్లు సంభాషణ జరిగినట్టే. కష్టమైనదల్లా ఆ పది లెక్కపెట్టేదాకా ఆగడమే. తల్లిమనసు ఆగదు.

ఈ పని నేర్పగలిగిన మనుషులు మండలాల్లో ఉన్నారు. సమగ్ర శిక్ష కింద రాష్ట్రంలో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ సహిత విద్య టీచర్లుంటారు, బడికి రాలేని పిల్లల ఇళ్లకూ వెళతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లల్ని చూసి, ఎదుగుదల లోపాలుంటే జిల్లాస్థాయి సత్వర చికిత్స కేంద్రాలకు పంపాలి. అమరికంతా కాగితం మీద బాగుంది. అందులో లోటు స్పీచ్ థెరపిస్టు. వారానికి ఒక్కరోజు మండలానికొచ్చి, తల్లికీ టీచరుకూ ఆ వారం చేయాల్సింది నేర్పి వెళ్లినా చాలు.

కలిదిండిలో ఆటిజం అంటే విడిగా ఆలోచించాల్సింది ఇంకొకటుంది. నీళ్లు. ఊరు దాటితే చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మురుగు కాలువలు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది చెప్పకుండా ఇల్లు దాటి వెళ్లిపోతారు. అమెరికాలో 2012లో వచ్చిన అధ్యయనంలో దాదాపు సగం కుటుంబాలు ఇదే చెప్పాయి. ఆటిజం ఉన్న పదిహేనేళ్లలోపు పిల్లలు నీటమునిగి చనిపోయే ప్రమాదం మిగతా పిల్లలకంటే 160 రెట్లు ఎక్కువని అక్కడి కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో చెప్పారు. తిరిగేదాన్ని చూస్తే వీళ్లలో చాలామంది కళ్లు తిప్పుకోలేరు. రొయ్యల చెరువులో నురగ చిమ్ముతూ తిరిగే ఏరియేటరు చక్రాన్ని ఒకసారి ఆ పిల్లల కళ్లతో చూడండి. అందుకే తలుపుకు పిల్లాడికి అందని ఎత్తులో గొళ్లెం పెట్టండి. చుట్టుపక్కల చెరువుల కాపలాదారులకు బిడ్డ ఫొటో, మీ ఫోను నంబరు ఇచ్చి ఉంచండి. కనిపించకపోతే వీధులకంటే ముందు గట్లవైపు పరుగెత్తండి. ఈత నేర్పించండి. కొల్లేటి పరిసరాల్లో ఈత వచ్చిన మేనమామ లేని ఇల్లు అరుదు. నా దృష్టిలో ఇక్కడి బిడ్డకు మొదటి థెరపీల్లో అదీ ఒకటి.

డబ్బు సంగతి. బిడ్డ కోసం అర ఎకరం అమ్మడానికి సిద్ధపడే తల్లిదండ్రులను వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లు, ఆక్సిజన్ గదులు, ఒంట్లో లోహాలు తీసేస్తామనే మందులు. ఆటిజానికి స్టెమ్‌సెల్ చికిత్సను సిఫారసు చేయబోమని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. 'ఇన్ని నెలల్లో నయం చేస్తాం' అన్నవాడి గడప తొక్కకండి.

రావాల్సిన డబ్బును మాత్రం వదలొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే రాష్ట్రంలో దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 నుంచి అది నెలకు 6,000 రూపాయలు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదివే హక్కుంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏటా లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు భరిస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంది. 2022 ఏప్రిల్‌లో కలిదిండి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది కనుక కాగితాల కోసం ఇప్పుడు చూడాల్సింది ఏలూరు వైపు. సచివాలయంలో అడిగి వైకల్య నిర్ధారణ శిబిరం తేదీ రాయించుకోండి.

అంగన్‌వాడీ టీచర్లకు ఒక మనవి. మీ కేంద్రంలో పిలిస్తే పలకని బిడ్డ ఉంటే, అల్లరివాడనో మొండివాడనో రాయకండి. ఈ వారమే ఆ తల్లిని పక్కకు పిలిచి మాట్లాడండి, బాల స్వాస్థ్య బృందానికి పేరు ఇవ్వండి. జిల్లా అధికారులకు ఇంకో మనవి. మండలానికి వారంలో ఒక్కరోజు స్పీచ్ థెరపిస్టును పంపండి. కలిదిండి తల్లులు మిగతా ఆరురోజులూ పని చేస్తారు.