చీమగూటి అతిథులు: కొల్లేటి పరిసరాల నుండి ఒక పరిశీలన

చీమలు కట్టుకొన్న పుట్టలో పాము కాపురముంటుందన్నది తెలుగువారికి చిరపరిచితమైన మాట. శాస్త్రరీత్యా ఆ పుట్ట చెదలది. అయినా ఒకరి శ్రమతో ఏర్పడిన ఇంటిలో మరొకరు ఇమిడిపోవడమన్న భావం చీమలకూ పూర్తిగా వర్తిస్తుంది. చీమల గూళ్లను ఆశ్రయించి బ్రతికే జీవులను శాస్త్రజ్ఞులు మిర్మెకోఫైల్స్ అంటారు. జర్మన్ భాషలో గ్రంథాలు వెలువరించిన ఎరిక్ వాస్మన్ 1894లోనే ఇటువంటి జీవుల జాబితాలో వెయ్యికి పైగా జాతులను చేర్చాడు.

ఏలూరు జిల్లాలో ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన చోటు నూజివీడు మామిడితోట. అక్కడి ఎర్రచీమ, 1775లో ఫాబ్రిసియస్ వర్ణించిన ఈకోఫిల్లా స్మరాగ్డినా, నేలలో పుట్ట పెట్టదు. పనిచీమలు ఆకుల అంచులను దగ్గరకు లాగి పట్టుకొనగా, మరికొన్ని తమ డింభకాలను నోట కరచుకొని వాటి నుండి వెలువడే పట్టుదారంతో ఆకులను అతుకుతాయి. కొల్లేటి లోతట్టు నేలలు వరదకు మునిగినా చెట్టుమీది ఇల్లు నిలుస్తుంది.

ఈ గూటిలోనికి చొరబడడం సులభం కాదు. చీమ తన వారిని కంటితో కాక, దేహంపై మైనపు పొరలోని హైడ్రోకార్బన్ల వాసనతో గుర్తిస్తుంది. చీమగూళ్లలో ఉండే రెక్కలులేని చిన్న ఇలకోడి తన ఆతిథేయుల వాసననే సంతరించుకొని వాటి మధ్య తిరుగుతుంది. లైఫైరా బ్రాసోలిస్ అనే సీతాకోకచిలుక మార్గం వేరు. భారతదేశం నుండి ఉత్తర ఆస్ట్రేలియా వరకు విస్తరించిన ఈ జాతి గొంగళిపురుగు ఎర్రచీమల గూటిలోనే ఉండి వాటి పిల్లలనే తింటుంది. దాని చర్మం తాబేటి డిప్పవలె బల్లపరుపుగా, గట్టిగా ఉంటుంది. చీమ దవడకు పట్టు దొరకదు. పాత చర్మం లోపలనే ప్యూపాగా మారుతుంది. రెక్కలు వచ్చిన సీతాకోకచిలుకకు ఆ కవచం ఉండదు. దానికి బదులు ఊడిపోయే పొలుసులు ఉంటాయి. దాడిచేసిన చీమల దవడలకు, స్పర్శశృంగాలకు అవి అంటుకొంటాయి. చీమలు వాటిని తుడుచుకొనేలోగా అది బయటపడుతుంది. అతిథి అనే పదం ఇక్కడ కొంత ఉదారమైనదే.

గూటి వెలుపల సంచరించే గెంతుసాలీడు మిర్మప్లాటా ప్లాటాలియోయిడిస్ ఎర్రచీమను రూపంలో అనుకరిస్తుంది. చీమ తారసపడితే మాత్రం తప్పుకొంటుంది. ఆ వేషం చీమల కోసం కాక, చీమలను తినడానికి జంకే శత్రువుల కోసమని భావిస్తారు.

తోటలో ఎర్రచీమ స్థానం వివాదాస్పదం. తియ్యని ద్రవం కోసం పిండినల్లిని కాపాడుతుంది. కాయలు కోసేవారిని కరుస్తుంది. అందువల్ల గూళ్లను మందు కొట్టి నిర్మూలిస్తారు. ఉత్తర ఆస్ట్రేలియా మామిడి, జీడిమామిడి తోటల్లో అదే చీమను పురుగుల నియంత్రణకు వినియోగించారు. ఈ చర్చ సాధారణంగా లాభనష్టాల దగ్గరే ఆగుతుంది. గూటితోపాటు దానిలోని జీవులూ నశిస్తాయన్న అంశం లెక్కలోనికి రాదు. పొరుగు చెట్టు నుండి చీమలు తిరిగి రావచ్చు. ఆతిథేయి కన్న ఎన్నో రెట్లు తక్కువ సంఖ్యలో ఉండే అతిథి తిరిగి వస్తుందని చెప్పలేము.

కొల్లేరు 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కింది ప్రధానంగా పక్షుల వలన. ఆటపాక గూడకొంగలను దూరం నుండి లెక్కించవచ్చు. చీమగూటిని మాత్రం విప్పక తప్పదు. తాడేపల్లిగూడెం సమీపాన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరు దాపున పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్న ఈ ప్రాంతంలో అందుకు పెద్ద పరికరాలు అవసరం లేదు. కొమ్మను కోయకముందే గూటికి సంచి తొడిగి మూతి బిగించాలి. అతిథితోపాటు అదే గూటి చీమలను కూడా ఆల్కహాలులో భద్రపరచి, చెట్టు పేరు, తేదీ, మందు కొట్టిన వివరం ఒకే చీటీపై వ్రాయాలి. ఆతిథేయి లేని నమూనాతో ఆ జీవి ఎవరి ఇంట బ్రతికిందో నిర్ధారించడం కష్టం.