వెనకబడ్డవారి కాలమే జోడీ కాలం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు జరిగేటప్పుడు దాపటెద్దు ఎంత లాగింది, వలపటెద్దు ఎంత లాగింది అని ఎవరూ విడివిడిగా కొలవరు. ఇచ్చిన సమయంలో బండ ఎంత దూరం జరిగిందన్నదే లెక్క. అందుకే జత కట్టే రైతు రెండింటి ఎత్తు, అడుగు, దమ్ము పోల్చి చూస్తాడు. ఒకటి మరీ ముందుకు దూకితే కాడి పక్కకు తిరుగుతుందనీ, ఆ బలం బండకు అందదనీ అతనికి తెలుసు. మనుషులకు దాదాపు ఇదే లెక్కతో పెట్టే పోటీ ఒకటుంది. దాన్ని అడ్వెంచర్ రేస్ అంటారు. కొంత దూరం పరుగు, కొంత సైకిల్, కొంత నీటిమీద కయాక్, ఒక్కోసారి తాడు పట్టుకుని కొండగోడ దిగడం, వీటన్నిటికీ తోడు చేతిలో మ్యాపు, దిక్సూచి. కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల దాకా సాగే ఈ పోటీలో జోడీ విభాగానికి వచ్చేసరికి నియమం కఠినం: ఇద్దరూ ప్రతి మజిలీకీ కలిసే చేరాలి, రెండోవారు గీత దాటినప్పుడే గడియారం ఆగుతుంది. ఒకరు సైకిల్ తొక్కితే మరొకరు పరుగెత్తే రిలే పద్ధతి వేరు. దాని గురించి ఇక్కడ మాట్లాడటం లేదు.

ఒంటరిగా పాల్గొనలేనివాళ్ళకు జోడీ విభాగం ఒక వెసులుబాటు అని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. జోడీ పోటీ పరీక్షించే నైపుణ్యమే వేరు, కడప జిల్లా గండికోట ప్రాంతంలో ఇలాంటి పోటీ పెట్టదలిస్తే జోడీతోనే మొదలుపెట్టాలి.

ఈ క్రీడ చరిత్ర కూడా ఆ వైపే చూపిస్తుంది. న్యూజిలాండ్‌లో రాబిన్ జడ్కిన్స్ 1983లో మొదలుపెట్టిన కోస్ట్ టు కోస్ట్ దక్షిణ దీవిని పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా 243 కిలోమీటర్లు దాటే పోటీ. 1989లో అదే దేశంలో ఫ్రెంచివాడైన జెరార్ ఫ్యూసిల్ నడిపిన రెయిడ్ గోల్వాజ్ అనే పోటీలో జట్టంతా కలిసే గమ్యం చేరాలన్న సూత్రం వచ్చింది. ఫిజీలో 2019లో జరిగిన ఈకో-ఛాలెంజ్‌లో మన దేశం నుంచి తాషి, నుంగ్షి మాలిక్ అనే కవల అక్కచెల్లెళ్ళున్న జట్టు పాల్గొంది, అక్కడా కలిసి సాగడమే నియమం. అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ మాత్రం స్వీడన్‌లోని ఓటిల్లో. స్టాక్‌హోమ్ దగ్గరి దీవుల మధ్య ఈదుతూ, దీవి మీద పరుగెత్తుతూ సుమారు 75 కిలోమీటర్లు సాగే ఆ పోటీ 2006 నుంచీ జరుగుతోంది, దాన్ని ఇద్దరేసి కలిసి చేయాల్సిందే. ఇద్దరి మధ్య దూరం 10 మీటర్లు మించకూడదు. చల్లని సముద్రంలో మొదటి కాపలాదారు పక్కనున్న మనిషే అన్నది ఆ నియమం వెనకున్న ఆలోచన.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒకరు 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో, మరొకరు 35 నిమిషాల్లో పరుగెత్తగలరనుకోండి. ఎవరి దారిన వారు వెళ్తే జోడీ కాలం 35 నిమిషాలు. వేగంగా పరుగెత్తేవారు నెలల తరబడి కష్టపడి 23కి దిగినా జోడీకి దక్కేది సున్న. వెనకబడ్డవారు 33కి వస్తే రెండు నిమిషాలూ పూర్తిగా జోడీవే. కాబట్టి సాధన ఎవరికి ఎక్కువ కావాలో చెప్పనక్కర్లేదు. ఇక మిగిలిన ప్రశ్న, బలమైనవారి దగ్గర వాడకుండా పడి ఉన్న ఆ పది నిమిషాల శక్తిని ఏం చేయాలి? జోడీ పోటీ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రెండు సంచులూ ఒకరే మోయవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు నడుముకు సాగే తాడు కట్టుకుని రెండోవారిని లాగవచ్చు. మైదానంలో సైకిల్ మీద ముందుండి గాలిని చీల్చవచ్చు. దగ్గరగా వెనక వచ్చేవారికి శ్రమ పావు వంతో, ఇంకా ఎక్కువో తగ్గుతుంది. ఎత్తు రోడ్డు మీద వేగం పడిపోతుంది కాబట్టి ఈ లాభం దాదాపు ఉండదు, అక్కడ మళ్ళీ తాడే దిక్కు. ఇద్దరు కూర్చునే కయాక్‌లో ముందువారు లయ ఇస్తే వెనకవారు దానికి తెడ్డు కలుపుతూ దిశ చూసుకోవాలి. లయ కలవకపోతే తెడ్లు ఒకదానికొకటి తగిలి పడవ వంకరలు పోతుంది, ఎంత కండబలమున్నా లాభం లేదు. మ్యాపు చదివేది ఒకరైతే నేలను చూసేది ఇంకొకరు. పరుగులో వెనకబడినవారే మ్యాపులో దిట్ట అయి, ఒక్క తప్పుదారి తప్పించారంటే ఆ పది నిమిషాలూ తిరిగి వచ్చినట్టే.

తాడు కట్టి లాగడం మోసం కాదా, ఇది ఆటా దయాదానమా అని అడిగేవారున్నారు. ఓటిల్లోలో తాడు మామూలు సరంజామా, ముందు వరసలో ఉండే జోడీలూ దాన్ని వాడతాయి. ఇద్దరిలో బలం ఎక్కడుంటే అక్కడి నుంచి లేనిచోటికి పంపడమే ఇక్కడ నైపుణ్యం. లాగించుకోవడానికి నామోషీ పడేవాళ్ళు జోడీకి పనికిరారు. నిజానికి లాగడం కంటే లాగించుకోవడానికి ఒప్పుకోవడమే కష్టం, మనవాళ్ళకు ముఖ్యంగా. ఇంకో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకరి కాలు మడతపడితే ఇద్దరి పోటీ ముగుస్తుంది, ఏడాది సాధన రెండోవారికి వృథా అవుతుంది. ఇది నిజమైన నష్టమే. కొంత ఉపశమనం ఒకటే: బయలుదేరే ముందే ఇద్దరి లక్ష్యం ఒకటేనా అని తేల్చుకోవడం. ఒకరికి గెలుపు, మరొకరికి పూర్తి చేస్తే చాలు అన్నట్టుంటే గొడవ సగం దారిలో ఎటూ వస్తుంది.

అయితే కడప జిల్లాలో ఈ నష్టాన్ని మించిన లాభం ఒకటుంది, అది ఎండ గురించి. శ్రమ వల్ల శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మతి తప్పడం మొదలైతే అది వడదెబ్బ. మతే తప్పుతుంది కనుక తనకు వడదెబ్బ తగిలిందని ఆ మనిషికి తెలియదు. నాకేం కాలేదు, పదండి అంటాడు. అడుగు తడబడటం, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పడం, ఊరకే విసుక్కోవడం, ఇవన్నీ పక్కవారికే కనిపిస్తాయి. అప్పుడు ఆసుపత్రికి తరలించే లోపలే చన్నీళ్ళతో ఒళ్ళు చల్లబరచడం ప్రాణాధారం. ఒంటరిగా ముళ్ళపొదల మధ్య పడిపోయినవారికి ఆ పని ఎవరు చేస్తారు? ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే, అదీ కనిపెట్టేది తోడున్నవారే. ఇలాంటి పోటీ ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే పెట్టాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. ఆ నెలల్లోనూ మిట్టమధ్యాహ్నం ఎర్రమల బండల మీద వేడిని తక్కువగా అంచనా వేయకూడదు.

నేల మాత్రం వెతికినా దొరకనంత అనుకూలం. ప్రొద్దుటూరు నుంచి పెన్నా వెంట జమ్మలమడుగు దాకా నల్లరేగడి చేల మధ్య చదునైన దారి సైకిల్‌కు సరిపోతుంది. అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఎర్రమల కొండల్ని పెన్నా నిలువునా కోసిన గండికోట. ఆ ఎర్రని బండగోడల రాయికి భూగర్భ శాస్త్రంలో గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే ఉంది. ఒకప్పుడు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించిన పెన్నా లోయలో ఇప్పుడు 26.85 టీఎంసీల జలాశయం నీళ్ళున్నాయి. ఆ నీటి అడుగున తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళున్నాయి. పడవ పందేల ఉత్సాహంలో ఆ సంగతి మరచిపోతే నాకు బాగుండదు. అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల చీనీ, అరటి తోటల దాకా మళ్ళీ సైకిల్ దారి. గండికోటలో సాహస క్రీడల అకాడమీ ఉంది. గండికోట పర్యాటక అభివృద్ధికి కేంద్రం 2024లో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కోట గోడల మీద, గుడి మీద, మసీదు మీద ఎవరూ తాడు వేయకూడదు, దిగే చోటు కోటకు దూరంగా సహజమైన బండ మీదే ఉండాలి. కొండ మీద ప్లాస్టిక్ వదిలిన జోడీకి సమయం కలపడం కాదు, పోటీ నుంచి తప్పించడమే శిక్షగా పెట్టాలి.

ఇదంతా డబ్బున్న నగరవాసుల సరదా కదా అన్న మాటను కొట్టిపారేయలేం, సైకిల్, కయాక్ ఖరీదైనవే. కానీ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. వాళ్ళ సాధన మొదలైంది భువనగిరి బండ మీద. సరంజామా గురుకుల సంస్థ ఇచ్చింది, నేర్పేవారు దొరికారు. జోడీ పోటీకీ అదే దారి. కయాక్‌లు అకాడమీవే వాడుకునేలా, సైకిల్ మామూలుదైనా సరిపోయేలా దారి గీయవచ్చు, ఇద్దరికి ఒక్క పడవ చాలు కనుక పడవల ఖర్చు తగ్గుతుంది. మన పిల్లల్లో ఈత రానివాళ్ళు చాలామంది, అసలు ఇబ్బంది అదే. లైఫ్ జాకెట్ ఉంటే చాలదు, నీళ్ళలో పడవ తిరగబడినప్పుడు బెదరకుండా ఉండటం నేర్పాలి, దానికి నెలలు పడుతుంది. అందుకని మొదటి ఏడు నీటి భాగం లేకుండా పరుగు, సైకిల్, మ్యాపు మాత్రమే పెట్టి, 10 మీటర్ల నియమాన్ని కచ్చితంగా అమలుచేసి, పాల్గొన్న జోడీలకు ఆ తర్వాతి నెలల్లో జలాశయంలో ఈత, కయాక్ నేర్పి, రెండో ఏడు పడవను కలపడం మేలు.