ఫొటో కాదు నాన్నా, స్క్రీన్‌షాట్!

డాలస్‌లో రాత్రి పదిన్నరకి నాన్న ఫోన్ చేశారంటే, తెనాలిలో ఆయన కంప్యూటర్ మీద ఏవో ఎర్ర అక్షరాలు వచ్చాయని అర్థం.

"ఏమని వచ్చింది నాన్నా?"

"ఏమోరా, వచ్చి పోయింది."

కాసేపటికి వాట్సాప్‌లో సెల్లుతో తీసిన తెర ఫొటో వస్తుంది. అడ్డంగా గీతలు, ట్యూబ్‌లైటు మెరుపు, మధ్యలో నాన్న నీడ. ఎర్ర అక్షరాలు తప్ప అన్నీ కనిపిస్తాయి.

నిరుడు ఒక ఆఫీసుకి ఆన్‌లైన్‌లో పదకొండు వేలు కట్టారు. ఖాతాలో డబ్బు తగ్గింది, రసీదు ఒక్క క్షణం కనిపించి మాయమైంది. నంబరు రాసుకోలేదు. ఆ డబ్బు కోసం మోకాళ్ళ నొప్పులతో రెండు నెలలు తిరిగారు. అప్పుడిక ఒక ఆదివారం కూర్చోబెట్టి నేర్పాను.

ముందు ప్రింట్ స్క్రీన్ కీ. డాస్ రోజుల్లో అది నొక్కితే తెర మీదున్నది నిజంగానే ప్రింటర్‌కి వెళ్ళేది. పేరు అలా మిగిలిపోయింది. నాన్న విండోస్ 10లో అది బొమ్మని క్లిప్‌బోర్డులో పెడుతుంది, పైకి ఏమీ కనపడదు. "ఏం జరగలేదురా" అన్నారు. అందుకని విండోస్ కీతో కలిపి నొక్కమన్నాను. తెర ఒకసారి మసకబారుతుంది, బొమ్మ పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో చేరుతుంది. మ్యాక్ ఉన్నవాళ్ళు కమాండ్, షిఫ్ట్, 3 నొక్కితే చాలు.

నాన్న ఉత్సాహంగా మొత్తం తెర తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఖాతా నంబరుతో సహా. "బావగారూ, బ్యాలెన్సు బాగానే ఉందే!" అంది పిన్ని.

రెండో పాఠం అదే: కావలసినంతే తీయాలి. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి, మౌసుతో గడి గీసి, వాట్సాప్ వెబ్‌లో కంట్రోల్ వి. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, 4. అంతా తీసి తర్వాత కోద్దామనుకోవద్దు. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో కత్తిరించి అదే ఫైల్ మీద సేవ్ చేస్తే, కోసేసిన భాగం కొంత ఫైల్‌లోనే ఉండిపోయేదని 2023 మార్చిలో బయటపడింది. మైక్రోసాఫ్ట్ తర్వాత సరిచేసింది. అసలు తీయనిది మాత్రం ఎవరికీ దొరకదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్న కంప్యూటర్ శుభ్రం చేస్తూ ఆ ఫోల్డర్ తెరిచాను. నూట నలభై దాకా ఉన్నాయి. కరెంటు బిల్లులు, రసీదులు, ఎర్ర అక్షరాలు. మధ్యమధ్యలో మా వీడియో కాల్స్. పన్ను ఊడిన నోటితో నవ్వుతున్న మా అమ్మాయి, వెనక నేను. దాదాపు అన్నిట్లోనూ నేను పక్కకే చూస్తున్నాను. అక్కడ నా రెండో మానిటర్ ఉంటుంది.

నాన్న ఎప్పుడూ ఏమీ అనలేదు. రసీదులతో పాటు దాచుకున్నారంతే.

ఇప్పుడు పదిన్నరకి ఫోన్ మోగితే ముందు ఆ మానిటర్ ఆపేస్తున్నాను.