తెరమీద బొమ్మ కనిపిస్తే చాలదు!

మా జహీరాబాదులో ఇప్పుడు చాలా గుమ్మాల ముందు దిష్టి గుమ్మడికాయ పక్కనే ఓ కెమెరా కూడా ఉంటోంది. హైదరాబాదు-ముంబయి రహదారి మీది ఊరాయె! మగవాళ్లు ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్తే ఇంట్లో మిగిలేది మనమే. కెమెరా ఉందన్న ధైర్యం మంచిదే. కానీ అది సరిగా పనిచేస్తోందా అని ఎప్పుడైనా చూశారా?

మా వీధిలో ఓ ఇంట్లో గొలుసు పోయింది. రెండింటిదాకా బీరువాలోనే ఉందట. రికార్డింగులో చూస్తే మూడింటికి పనిమనిషి లోపలికి వస్తోంది. ఇంకేముంది, అందరి వేళ్లూ ఆమె వైపే! "నేనొచ్చింది పన్నెండున్నరకేనమ్మా" అని ఆమె ఎంత మొత్తుకున్నా వినేదెవరు? తీరా చూస్తే, నాలుగున్నరకు బడినుంచి వచ్చే పిల్లాడు అదే రికార్డింగులో ఏడింటికి వస్తున్నాడు! రికార్డర్‌లో చైనా టైము ఉండిపోయింది. అది మనకంటే రెండున్నర గంటలు ముందు. తప్పు తెలిసింది గానీ, ఆమె మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

అందుకే మొదట చూడాల్సింది గడియారం. సెట్టింగుల్లో టైమ్ జోన్ 5.30 అని ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయిందేమో చూపించండి.

రెండోది రికార్డింగు. హార్డ్ డిస్క్ పాడైనా తెరమీద బొమ్మ మామూలుగానే వస్తుంది. అక్కడే మోసపోతాం! వారానికోసారి నిన్న రాత్రి రికార్డింగును వెనక్కి వేసి చూడండి. పెట్టె కీకీమని అరుస్తుంటే నోరు నొక్కేయకండి, డిస్క్ చూపించండి.

ఎన్ని రోజులు నిలవుంటుందో కూడా లెక్క తెలియాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఎప్పుడూ రికార్డయ్యే ఒక్క కెమెరాకు రోజుకు 21 గిగాబైట్లకు పైనే కావాలి. నాలుగు కెమెరాలుంటే 1 టెరాబైట్ డిస్క్ పదకొండు రోజులకే నిండుతుంది. ఆపైన పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటుంది. పండక్కి పుట్టింటికెళ్లి పదిహేను రోజులుండి వస్తే మొదటి రోజులవి ఉండవన్నమాట!

ఒక్క కెమెరా బొమ్మే పోతే దాని వైరును బాగున్న కెమెరా చోట గుచ్చి చూడండి. బొమ్మ వస్తే పెట్టెలో లోపం, రాకపోతే వైరులోనో కెమెరాలోనో. అన్నీ ఒకేసారి పోతే ముందు అడాప్టర్ని అనుమానించండి. రాత్రిపూట తెల్లగా పొగలా కనిపిస్తోందా? చాలాసార్లు అది సాలెగూడో, అద్దం మీది దుమ్మో. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే సరి. కరెంటు కోతలకు చిన్న యూపీఎస్ పెట్టుకోండి. బిగించిన కుర్రాడు పెట్టిన పాస్‌వర్డ్‌ను మాత్రం ఆ రోజే మార్చేయండి.

ఏదైనా జరిగితే చెరిగిపోకముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయించి పోలీసులకు చెప్పండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, అలాంటి కాపీతోపాటు కోర్టుకు ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. కాబట్టి అసలు రికార్డర్‌ను ఎవరికీ ఇచ్చేయకండి, పాతదని పారేయకండి.

ఆదివారం పూట ఓ ఐదు నిమిషాలు చాలు. దొంగ దొరకడం మాట ఎలా ఉన్నా, పాపం తెలియని మనిషి మీద నింద పడకుండా ఉంటుంది.