వంటింటి చెత్తను ‘డీబగ్‌’ చేద్దామా?

చెత్త ఆటో రెండు రోజులు రాకపోతే చాలు.. వంటింట్లో వాసన మొదలవుతుంది. అది కాగితాల నుంచో, కవర్ల నుంచో వచ్చేది కాదు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వడకట్టిన టీ పొడి చేసే పని. మన నగరాల్లోని ఇళ్ల చెత్తలో దాదాపు సగం ఇదే. దీన్ని బాల్కనీలోనే ఎరువుగా మార్చేయొచ్చు. ఖరీదైన మెషిన్‌ అక్కర్లేదు. కార్బన్‌, నైట్రోజన్‌, గాలి, తడి.. ఈ నాలుగింటి లెక్క తెలిస్తే చాలు.

బయట పడేస్తే ఏమవుతుంది?

డంపింగ్‌ యార్డులో తడి చెత్త గుట్టల కింద నలిగిపోతుంది. అక్కడ గాలి ఆడదు. దాంతో మీథేన్‌ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఇది కార్బన్‌ డయాక్సైడ్‌ కన్నా 25 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. పైగా చెత్త నుంచి కారే మురుగు భూగర్భ జలాల్లోకి దిగుతుంది. హైదరాబాద్‌ చెత్త చేరే జవహర్‌నగర్‌ చుట్టుపక్కల వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఈ వాసన, ఈ నీళ్ల గురించే. తడి, పొడి కలిపి ఇచ్చారనుకోండి.. కాగితం, అట్ట కూడా పాడవుతాయి. వాటిని చేత్తో ఏరాల్సింది పారిశుద్ధ్య కార్మికులే.

సెటప్‌ ఇలా..

20 లీటర్ల పాత పెయింట్‌ బకెట్‌ తీసుకోండి. అడుగున, పక్కల చిల్లులు పెట్టి కింద ఓ పళ్లెం ఉంచండి. రెండంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. ఆపై ఒక గిన్నె తడి చెత్తకు రెండు గిన్నెల ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు వేస్తూ వెళ్లండి. సూక్ష్మజీవుల కోసం కాస్త పుల్ల మజ్జిగ చల్లండి. రెండు, మూడు రోజులకోసారి కలపండి. నిండాక పక్కన పెట్టి రెండో బకెట్‌ మొదలెట్టండి. రెండు, మూడు నెలల్లో మట్టి వాసన వచ్చే నల్లటి ఎరువు సిద్ధం. మాంసం, ఎముకలు, నూనె మాత్రం వేయొద్దు.

ఎండుటాకులు ఎందుకంటారా? సూక్ష్మజీవులకు ఒక వంతు నైట్రోజన్‌కు సుమారు 30 వంతుల కార్బన్‌ కావాలి. తొక్కల్లో నైట్రోజన్‌ ఎక్కువ, ఆకుల్లో కార్బన్‌ ఎక్కువ. అందుకే అపార్ట్‌మెంట్‌ ఆవరణలో ఊడ్చిన ఆకుల్ని కాల్చనివ్వకండి. ఓ గోనె సంచిలో దాయించండి.

‘ఎర్రర్‌ మెసేజ్‌’లు ఇవీ..

• కుళ్లిన గుడ్ల వాసన: గాలి అందట్లేదు. కలిపి, ఎండుటాకులు వేయండి.
• ముక్కు అదిరే అమ్మోనియా ఘాటు: నైట్రోజన్‌ ఎక్కువైంది. దీనికీ ఎండుటాకులే మందు.
• ఎన్నాళ్లైనా మార్పు లేదు: తడి తగ్గింది. గుప్పెట్లో పిండితే చెమ్మ తగలాలి, నీళ్లు కారకూడదు.
• తెల్ల బూజు: కంగారొద్దు, పని జరుగుతోందన్నమాట.
• దోమల్లాంటి చిన్న ఈగలు: తొక్కలు పైకి కనిపించకుండా ఆకులు కప్పండి.

హాస్టల్లో ఉంటే?

బకెట్‌కు చోటు లేకపోతే విడిగా ఇవ్వండి చాలు. విడిగా అందిన తడి చెత్తకు విలువుంది. హైదరాబాద్‌ బోయినపల్లి మార్కెట్‌లో మిగిలిపోయిన కూరగాయలతో బయోగ్యాస్‌, దాన్నుంచి కరెంటు తీస్తున్నారు. ఆ టెక్నాలజీ నగరంలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలదే.

ప్రాజెక్టుగా మలిస్తే..

5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్‌ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అంటే ఇక్కడ మీ చదువుకు పనుంది. ఘన మీటరు కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటుతుంది. గాలి తగ్గితే ఆ వేడి పడిపోతుంది. అప్పుడు కుప్పను తిరగేయాలి. ఓ ఈఎస్‌పీ32 బోర్డు, నీళ్లు తగిలినా పాడవని టెంపరేచర్‌ సెన్సర్‌తో ఆ సమయాన్ని ఫోన్‌కి చెప్పించొచ్చు. రెండు నెలల రీడింగులు గ్రాఫ్‌గా గీసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే చెప్పడానికి మీ సొంత డేటా ఉంటుంది. ఇవాళ్టికి మాత్రం ఓ పాత బకెట్‌ వెతకండి!