వెయ్యి బీడీల కూలి మీద నిలబడ్డ ఇళ్లు

షోలాపూర్ తెలుగు బడుల్లో చదివే పిల్లల ఇళ్లు చాలావరకు రెండు ఆదరువుల మీద నిలబడ్డాయి. ఒకటి నాన్న సాంచా, రెండోది అమ్మ ఒళ్లోని బీడీ చాట.

1870ల్లో ఇక్కడ మొదటి నూలు మిల్లు వచ్చింది. ఆ తరువాత కరీంనగర్, నల్లగొండ, పాలమూరు, వరంగల్ ప్రాంతాల నేత కుటుంబాలు కరువుకు తాళలేక ఒకరి వెంట ఒకరు తరలివచ్చాయి. ముందు వచ్చినవారు వెనక వచ్చిన చుట్టాలకు తల దాచుకునే చోటు చూపి, పని ఇప్పించారు. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలొచ్చాయి. షోలాపూర్ చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

అయితే సాంచా సొంతదారులు కొందరే. కూలికి నడిపేవారే ఎక్కువ. నూలు ధర పెరిగినా, గిరాకీ తగ్గినా సాంచా ఆగిపోతుంది. అప్పుడు పొయ్యి వెలిగించేది బీడీ కూలే. ఆకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. కూలి లెక్క వెయ్యి బీడీలకు. రోజంతా కూర్చున్నా ఆ వెయ్యి అందరికీ కావు.

ఇంత చిన్న డబ్బు ఎలా నిలిచింది? మొదటిది చీటీ. ఇక్కడ దాన్నే భిశీ అంటారు. పన్నెండు మంది నెలకు 500 చొప్పున వేస్తే, ఒక్కో నెల ఒక్కొక్కరికి 6,000 ఒకేసారి చేతికొస్తుంది. వడ్డీ అప్పు చేయకుండానే కాలేజీ ఫీజో కుట్టుమిషనో గట్టెక్కుతుంది. కానీ దీనికి నమ్మకమే హామీ. ఒకరు ఎగ్గొడితే మిగతావారందరికీ నష్టం.

రెండోది పీఎఫ్. ఇంటి దగ్గర బీడీలు చేసేవారికీ అది వర్తిస్తుంది. కార్మికురాలి వాటాకు యజమాని వాటా కలుస్తుంది. మూడోది ఇల్లు. షోలాపూర్ దగ్గరి కుంభారిలో బీడీ మహిళల కోసం గోదూతాయి పరుళేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ లేచింది. 2006లో ఆ ఇళ్లు వారి చేతికొచ్చాయి. ప్రభుత్వాల సాయానికి తోడు ఆ మహిళలు తమ వాటా తామే కట్టుకున్నారు.

ఇంత ఓపికగా కూడబెట్టినది ఒక్క పేరు దగ్గర ఆగిపోవడం మేము చూస్తున్నాం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, మహారాష్ట్రలో చివర రాస్తారు. పెళ్లయ్యాక మధ్యలో భర్త పేరు చేరుతుంది, కొన్ని ఇళ్లలో అసలు పేరే మారుతుంది. బీడీ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. 58 ఏళ్లకు పింఛను అడగబోయినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. అప్పటికి కార్ఖానా మూతపడి ఉంటే, ఈమె మా కార్మికురాలే అని చెప్పేవారు కూడా దొరకరు.

బీడీ కార్మికుల పిల్లలకు ఒకటో తరగతి నుంచే కేంద్ర ఉపకారవేతనం ఉంది. దానికీ అమ్మ కార్డు కావాలి. అందుకే బడి తెరిచిన మొదటి నెలలోనే ప్రతి పిల్లవాడి చేత అమ్మ కాగితాలన్నిటిలోని పేరు, పుట్టిన తేదీ ఒకే పేజీలో రాయించాలి. తేడా ఉంటే అమ్మ పనిలో ఉండగానే సరిచేయించాలి. తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు మూడూ చదవగలిగేది ఆ ఇంట్లో చాలాసార్లు మన విద్యార్థి ఒక్కడే. ముప్పై ఏళ్ల కష్టానికి అక్షరం కాపలా కాయగలదని వాడికి తెలియాల్సింది మన తరగతి గదిలోనే.